ఖాజా మామ బిగించని కాయిల్

పోయిన నెలలో మా కారుకు వణుకు పట్టుకుంది. సుబేదారిలో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చిన మనిషిలా సీటు కింద గజగజలాడేది. ఎత్తు ఎక్కేటప్పుడు గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేది. స్టీరింగ్ వెనక పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉండేది. మా అమ్మాయి స్రవంతి అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తెప్పించి, స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్‌లో చూసి, మూడో సిలిండర్ కాయిల్ పోయిందని తేల్చింది. షెడ్డుకు తీసుకుపోదామంటే వినలేదు. కొత్త కాయిల్ తెప్పించుకుని ఆదివారం పొద్దున ఇంటి ముందరే బానెట్ ఎత్తింది. ఆ రోజు మా తమ్ముడు రవి టిఫిన్‌కు వచ్చి ఉన్నాడు. వాడు వరండాలో కుర్చీ వేసుకుని ఛాయ్ తాగుతూ, ఖాజా కాయిల్ గాకుంట జూస్కో బిడ్డా, అన్నాడు. స్రవంతి నవ్వింది. లోపలినుంచి నా భార్య కూడా నవ్వింది.

ఆ మాట మా ఇంట్లో సామెతలాంటిది. పైకి నిగనిగలాడుతూ లోపల పుచ్చిపోయిన వంకాయ ఖాజా కాయిల్. ఉద్యోగం ఉందని అబద్ధం చెప్పి పిల్లను అడగవచ్చిన పెళ్ళికొడుకు ఖాజా కాయిల్. ఖాజా అంటే ఎవరో తెలియని పిల్లలు కూడా ఆ మాట వాడతారు. దాదాపు యాభై ఏళ్లుగా వాళ్లతోపాటు నేనూ నవ్వుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం నవ్వలేకపోయాను. స్రవంతి కొత్త కాయిల్‌ను పెట్టెలోంచి తీసి రెండు చేతులతో పట్టుకుని, దీన్ని పట్టుకో డాడీ, కింద పడితే పగులుతుంది జాగ్రత్త, అని నాకు అందించబోయింది. నా చేతులు వెనక్కి పోయాయి. ఎండ ఎక్కువగా ఉందని చెప్పి లోపలికి వెళ్లి మంచం మీద కూర్చున్నాను. పది నిమిషాల్లో ఇంజిన్ చప్పుడు వినిపించింది. వణుకు లేకుండా, నున్నగా.

అప్పుడు మేము ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల ఉండేవాళ్లం. ఇప్పుడు జనం టిక్కెట్టు కొని చూసే రాతి తోరణాల పక్కనుంచే బడికి పోయేవాళ్లం. మా బాపు పత్తీ, మిర్చీ కొని అమ్మే చిన్న వ్యాపారం చేసేవాడు. వారానికి మూడు నాలుగుసార్లు నర్సంపేట పోయి రావాలి. అందుకని హన్మకొండ వకీలు సాబు దగ్గర పాత కారు ఒకటి కొన్నాడు. గోధుమరంగుది, గుండ్రటి దీపాలది. మా వాడలో అదే మొదటి కారు. దానికి రాత్రిపూట మా బాపమ్మ పాత చీరలు రెండు కలిపి కుట్టి కప్పేవాళ్లం. పొద్దున్నే బాపమ్మ వాకిలి చల్లి, ముగ్గు వేసి, ఆ చీరల దుప్పటి తీసి మడిచేది. తర్వాత చెంబులో మిగిలిన నీళ్లతోనే కారు ముందు చక్రాల మీద నాలుగు చుక్కలు చిలకరించేది. బండి కూడా గొడ్డులాంటిదే, పొద్దున లేవగానే మొఖం కడగాలె అనేది. ఆమె ఒంట్లోంచి ఎప్పుడూ నశ్యం వాసన, వేపపుల్ల వాసన వచ్చేవి. ఆ రెండిటికీ పెట్రోలు వాసన కలిస్తే అదే మా ఇంటి పొద్దుటి వాసన.

ఆ కారును నడిపేదీ, బాగుచేసేదీ ఖాజా మామే. బాపు, అతను చిన్నప్పుడు కోట కందకంలో కలిసి ఈతకొట్టినవాళ్లు. ఖాజా మామ లారీల మీద క్లీనరుగా పెరిగి, పని నేర్చుకుని, రెండు వీధుల అవతల రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. బాపు కారు కొన్నాక సగం రోజు మా ఇంట్లోనే ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ బుగ్గన ఒక లవంగంతో ఉండేవాడు. పని అయ్యాక కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, ఆ పైన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. అంత కడిగినా గోళ్ల చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. బాపమ్మ అతనికి రోజూ ఛాయ్ పోసేది. ఆ ఛాయ్ పోసే గ్లాసు వరండా గూట్లో విడిగా ఉండేది. తాగాక అతనే కడిగి అక్కడే బోర్లించేవాడు. ఆ గ్లాసు ఎందుకు విడిగా ఉందని నేను ఎప్పుడూ అడగలేదు. కొడుకా అని పిలుస్తూనే బాపమ్మ ఆ గ్లాసులో పోసేది, అతను అమ్మా అంటూనే తాగేవాడు. అందులో వింతేమీ ఉన్నట్టు అప్పుడు మాకెవరికీ తోచలేదు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. నాకు పుస్తకాలకన్నా ఆ బానెట్ కింద ఉన్న లోకం మీద ఎక్కువ మోజు. బాపుకు అది గిట్టేది కాదు. చదువుకునే పోరనికి నట్లతో, పానాలతో ఏం పని అనేవాడు. కారు మీద చెయ్యి వెయ్యొద్దని నాకు గట్టిగా చెప్పాడు, నాకు ఏమీ నేర్పొద్దని ఖాజా మామకూ చెప్పాడు. అయినా బాపు ఇంట్లో లేనప్పుడు ఖాజా మామ నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక్కోటి చూపించేవాడు. ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యాటరీ తీగ విప్పాలని, విప్పిన నట్లు విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చాలని, రెండు తీగలు ఉన్నచోట ఒకదానికి దారం కట్టి గుర్తు పెట్టుకోవాలని అతనే నేర్పాడు. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. నా చేతికి పాన ఇచ్చి తను పక్కన నిలబడి చూసేవాడు. అట్లా నన్ను నమ్మి చేతికి పని ఇచ్చిన మొదటి పెద్దమనిషి అతనే.

ఆ ఎండాకాలం కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒక గంట నడిచాక ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు నిలిచిపోయేది. ఖాజా మామ బానెట్ ఎత్తి, ఇంజిన్ పక్కన బిగించి ఉన్న గుండ్రటి డబ్బాలాంటి దాని మీద తడిగుడ్డ కప్పేవాడు. ఒక బీడీ తాగేంతసేపు ఆగితే మళ్లీ నడిచేది. అదే కాయిల్. ఇప్పటి కార్లలో సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉంటాయి కానీ అప్పుడు బండి మొత్తానికి ఒక్కటే. బ్యాటరీలో ఉన్న కొద్ది కరెంటును పెద్దది చేసి ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది అదే. అది వేడెక్కి పనిచేయడం మానేస్తోందని, వానలు పడేలోపు మార్చాలని ఖాజా మామ చెప్పాడు. హైదరాబాద్ పోయే ఒక లారీ డ్రైవర్‌తో కొత్తది తెప్పించాడు. అది అట్టపెట్టెలో, మైనపు కాగితంలో చుట్టి వచ్చింది. ఖాజా మామ దాన్ని బయటికి తీసి, వెలుతురుకు పట్టి, నాలుగు వైపులా తిప్పి చూశాడు. మెరిసే డబ్బా, పైన నల్లటి గట్టి మూత, మూత మధ్యలో లావు తీగ దిగే రంధ్రం, దానికి అటూ ఇటూ రెండు చిన్న మరలు. బాగుందని తల ఊపి మళ్లీ పెట్టెలో పెట్టాడు.

అది శుక్రవారం. నమాజుకు పోయొచ్చి బిగిస్తానని చెప్పి అతను వెళ్లాడు. బాపు దుకాణంలో ఉన్నాడు. బాపమ్మ వెనక గదిలో పడుకుంది. నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మామ వచ్చేలోపు నేనే మార్చి, ఇంజిన్ నడుపుతూ నిలబడి ఉంటే అతని మొహం ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. బ్యాటరీ తీగ విప్పాను. దారం కట్టాను. నట్లు గుడ్డ మీద పేర్చాను. పాత కాయిల్ బయటికి వచ్చింది. అంతా అతను నేర్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప. పని మధ్యలో చేతులు తుడుచుకోలేదు. కొత్త కాయిల్ పట్టుకుని బానెట్ మీదికి వంగుతుంటే అది చేపలా జారి వరండా ముందరి షాబాదు బండ మీద తలకిందులుగా పడింది. ఇత్తడి చెంబు పడ్డంత చప్పుడు కూడా కాలేదు. తీసి చూశాను. డబ్బాకు ఏమీ కాలేదు. నల్లటి మూత మీద మాత్రం, మధ్య రంధ్రం నుంచి పక్క మర దాకా, వెంట్రుకంత సన్నని పగులు.

ఆ క్షణంలో నేను ఏం చేయాలో నాకు తెలుసు. వరండా మెట్టు మీద కూర్చుని, మామ వచ్చేదాకా ఆగి, ఇట్లా అయింది మామా అని చెప్పాలి. అతను నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదు. ఇంకొకటి తెప్పించేవాడు, అంతే. కానీ బాపుకు తెలుస్తుంది. చెయ్యి వెయ్యొద్దన్న కారు మీద చెయ్యి వేశానని తెలుస్తుంది. నేను వేలికి కొద్దిగా గ్రీసు తీసుకుని ఆ పగులు మీద రుద్దాను. మిగిలింది గుడ్డతో తుడిచాను. పగులు కనపడకుండా పోయింది. కాయిల్ బిగించి, లావు తీగకున్న రబ్బరు తొడుగును మూత మీదికంతా లాగి కప్పాను. తాళం తిప్పితే ఇంజిన్ ఒక్క పట్టుకే అందుకుంది. అది అట్లా నడుస్తుంటే, ఏమీ కాలేదు, పైపైన గీత పడిందంతే, అని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఖాజా మామ తెల్లటి టోపీ తీయకుండానే వచ్చాడు. ఇంజిన్ చప్పుడు విని గేటు దగ్గరే ఆగి తల ఒక పక్కకు వంచి విన్నాడు. నువ్వే బిగించినవా అని అడిగాడు. ప్రతి నట్టూ వేళ్లతో కదిపి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. నా వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. సాయంత్రం బాపు వచ్చి కాయిల్ సంగతి అడిగితే, అయిపోయిందన్నా, బిగించిన, అని చెప్పాడు. చెప్తూ నా వైపు చూసి కన్ను కొట్టాడు. నన్ను కాపాడటానికి అతను ఆడిన అబద్ధం అది. అతను మా ఇంట్లో ఆడిన ఒకే ఒక అబద్ధం కూడా అదే అయి ఉంటుంది.

వానలు మొదలైన పదో రోజో, పన్నెండో రోజో, నర్సంపేట అవతలి పల్లెనుంచి మనిషి వచ్చాడు. అక్కడ బాపమ్మ తమ్ముడు ఎల్లయ్య తాత ఉండేవాడు. ఏదో పెళ్లిలో మర్యాద తక్కువైందని అక్కాతమ్ముళ్లకు మాటలు పోయి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో బాపమ్మ నోట తమ్ముడి పేరు ఒక్కసారి కూడా వినలేదు. వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి, తాతకు బాగలేదని, అక్కను చూడాలంటున్నాడని, పొద్దుమూకేదాకా ఉంటే గొప్ప అని చెప్పాడు. బాపమ్మ చేతిలో పని వదిలేసి లేచింది. లోపలికి పోయి, పెట్టె తెరిచి, ఎప్పుడో కొని దాచుకున్న కొత్త తువ్వాల ఒకటి తీసి చంకన పెట్టుకుని వచ్చి కారెక్కింది. ఖాజా మామ నడుపుతుంటే బాపు ముందు కూర్చున్నాడు. నేను వెనక బాపమ్మ పక్కన కూర్చున్నాను. దారిపొడుగునా ఆమె ఆ తువ్వాల అంచును వేళ్లతో మడుస్తూ విప్పుతూ ఉంది. ఒక్కసారి మాత్రం, వానికి చిన్నప్పుడు వాన సప్పుడైతే భయం, అంది. ఎవరితో అన్నదో తెలియదు.

నర్సంపేట ఇంకా సగం దూరం ఉండగా వాన గట్టిగా పట్టుకుంది. రోడ్డు మీద నీళ్లు కారు ముందు భాగం మీదికి ఎగిరిపడుతున్నాయి. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఖాజా మామ దిగి బానెట్ ఎత్తాడు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అతను కాయిల్ మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగి, ఒకసారి తాళం తిప్పమని బాపుకు చెప్పాడు. బాపు తిప్పాడు. అప్పుడు మేమిద్దరం చూశాం. నల్లటి మూత మీద, నేను గ్రీసు పూసిన చోటే, సన్నటి నీలం రంగు నిప్పు పాముపిల్లలా పాకి పక్క మరలోకి దూరుతోంది. ఇంజిన్‌కు పోవాల్సిన రవ్వ పగుల్లోంచి కారిపోతోంది. ఖాజా మామ బొటనవేలితో గ్రీసు తుడిచాడు. పగులు బయటపడింది. అతను తల ఎత్తి నన్ను చూశాడు. ఈలోగా బాపు దిగి వచ్చాడు.

"ఏమైంది ఖాజా?"

"కాయిల్ పలిగిందన్నా."

"మొన్ననే గద కొత్తది ఏసినవ్?"

ఖాజా మామ తొడుగును వేళ్లతో పట్టుకునే ఉన్నాడు. వాన కొడుతుంటే నిలబడ్డాడు. నేను చెప్పడానికి అతను నాకు చోటిచ్చాడని నాకు అప్పుడే తెలుసు. గొడుగు కర్రను రెండు చేతులతో పట్టుకుని నేను రోడ్డు వైపు చూశాను.

అతను తన అంగీ విప్పి ఆ మూతను తుడిచి, మైనపు గుడ్డ చుట్టి, మళ్లీ ప్రయత్నించాడు. కారు కొంచెం దూరం నడిచి ఆగింది. మళ్లీ తుడిచాడు, ఇంకొంచెం నడిచి ఆగింది. మూడోసారి కదల్లేదు. పాత కాయిల్ వెంట ఉన్నా తడిగుడ్డ కప్పుకుంటూ ఎట్లాగో చేరేవాళ్లం. పాతది చేతికి దొరికితే మామ కొత్తదాన్ని విప్పి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడేమోనన్న భయంతో, బిగించిన రోజే దాన్ని నేనే గడ్డివాములోకి విసిరేశాను. గంటన్నర తర్వాత కట్టెల లారీ ఒకటి వచ్చింది. బాపు, డ్రైవరు కలిసి బాపమ్మను ఎత్తి లోపల కూర్చోబెట్టారు. ఆమె చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. తువ్వాలను మాత్రం తడవకుండా రవికెలో దోపుకుంది. బాపు కూడా లారీ ఎక్కాడు. కారు దగ్గర నేనూ ఖాజా మామా మిగిలాం.

చాలాసేపు ఇద్దరం కారులో కూర్చున్నాం. అద్దాల మీద ఆవిరి కమ్ముకుంది. అతను ముందు సీటులో, నేను వెనక. నా వైపు తిరగకుండానే అడిగాడు.

"అల్లుడా, కింద పడ్డదా అది?"

"లేదు మామా."

అతను బుగ్గన లవంగం పెట్టుకుని వాన తగ్గేదాకా ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. అతని మొహం నాకు కనపడలేదు. కనపడకపోవడం ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, అది తలచుకుంటేనే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

బాపమ్మ చేరేసరికి ఎల్లయ్య తాతను మంచం మీంచి దింపి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. పోయి గంట కాలేదన్నారు. ఆఖరి దాకా స్పృహలోనే ఉన్నాడట. వాకిట్లో అలికిడి అయినప్పుడల్లా అక్క వచ్చిందా అని అడిగాడట. బాపమ్మ ఏడవలేదని బాపు తర్వాత మాకు చెప్పాడు. రవికెలోంచి తువ్వాల తీసి తమ్ముడి తల చుట్టూ కట్టి, చెవులు కప్పేలా సర్దిందట. బయట వాన ఇంకా పడుతూనే ఉందట.

ఆ చావింట్లోనే ఎవరో చుట్టం బాపు చెవిన వేశాడు. ఈ మెకానిక్కులంతా ఇంతేనని, కొత్త సామాను అమ్ముకుని పగిలినవాటికి మసిపూసి బిగిస్తారని. బాపు మొదట నమ్మలేదు. ఇంటికి వచ్చాక కాయిల్ విప్పించి చేతిలోకి తీసుకుని చూశాడు. పగులు సందులో ఇంకా గ్రీసు ఉంది. అదే బాపుకు సాక్ష్యం అయింది. పగిలిందని తెలిసి, కనపడకుండా ఉండాలని ఎవరో కావాలనే పూశారు. బిగించింది ఖాజా. ఆ మాట అతనే తన నోటితో చెప్పాడు. బాపు ఆ రోజు వరండాలో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా అడిగాడు. గొంతు పెంచలేదు.

"కొత్తది అమ్ముకున్నవా ఖాజా? నాకు చెప్తే నేనే ఇస్తుంటి గద. మా అమ్మను తమ్ముని మొఖం చూడనియ్యకపోతివి."

నేను తలుపు దగ్గర ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఖాజా మామ ఈసారి నా వైపు చూడలేదు. కారులో నేను చెప్పిన జవాబు విన్నాక ఇక చూడాల్సిన అవసరం లేదనుకున్నాడేమో. అన్నా, నీ బండికి నేను తప్పుడు సామాను ఎయ్యలే, గింతే చెప్త, అన్నాడు. మొలనుంచి తాళం చెవి తీసి కిటికీ చట్టం మీద పెట్టి మెట్లు దిగాడు. ఆ తర్వాత అతను మా గేటు దాటి లోపలికి రాలేదు. కొన్ని రోజులకు గూట్లో గ్లాసు కూడా ఎవరో తీసేశారు. బాపమ్మ ఒక్కతే అప్పుడప్పుడూ, ఖాజా గసొంటోడు కాదు, అనేది. ఒకసారి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు ఎప్పుడు ఆని ఎంబడే ఉంటివి, నీకేమన్న ఎరికనా బిడ్డా, అని అడిగింది. నాకేం తెల్వది బాపమ్మా అన్నాను. ఆమె నా తల నిమిరి, చదువుకో పో, అంది.

చదువుకున్నాను. ఉద్యోగం చేశాను, కథలు రాశాను, నిజాయితీ గురించి సభల్లో మాట్లాడాను. బాపమ్మ పోయింది. బాపు ఆ కారు అమ్మేసి మళ్లీ కారు కొనలేదు. ఖాజా మామ కార్ల పని మానేసి, ఊళ్లు తిరుగుతూ పొలాల మోటార్లు బాగుచేస్తున్నాడని వినేవాణ్ణి. బజారులో ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి. అతను మాత్రం తల ఊపి, బాగున్నవా అల్లుడా అన్నట్టు చూసి పోయేవాడు. సుబేదారిలో ఇల్లు కట్టుకుని కోట వదిలి వచ్చినప్పుడు నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇంటి స్థలం నచ్చి వచ్చానని అందరితో చెప్పాను.

స్రవంతి కాయిల్ మార్చిన మర్నాడు నేను ఖిలా వరంగల్ వెళ్లాను. ఖాజా మామ చనిపోయి ఆరేళ్లయిందట. రేకుల షెడ్డు ఉన్నచోట చిన్న డాబా ఇల్లు ఉంది. అతని కూతురు షహనాజ్ అందులో బట్టలు కుడుతోంది. మా తమ్ముడి ఈడుది, తల సగం నెరిసింది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. కుర్చీ వేసి, నీళ్లు ఇచ్చి, మిషన్ ఆపి కూర్చుంది. నేను దారిలో పేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, బండ మీద పడటం నుంచి మొదలుపెట్టి, వరసగా అంతా చెప్పాను. గ్రీసు పూసింది చెప్పాను. లేదు మామా అన్నది చెప్పాను. ఆమె కదలకుండా విన్నది. నేను ఆపాక మిషన్ మీది గుడ్డను తీసి మడతపెట్టింది. క్షమించానంటుందని ఆశపడ్డాను, దాచడమెందుకు. ఆ ఆశతోనే వెళ్లాను.

"నాకు మూడో తరగతి అన్నా అప్పుడు," అంది. "మీ రవి నన్ను బళ్లె కాయిల్ దొంగ బిడ్డ అని పిలిచెటోడు. నేనచ్చి అబ్బను అడిగిన. వాళ్లకు తెల్వక అంటాన్రు బిడ్డా, నువ్వు తలకాయ దించకు అన్నడు. గంతే. నీ పేరు ఎప్పుడు ఎత్తలే."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"మా ఇంట్ల అబ్బను ఎవలు అనుమానించలే. గీ ముచ్చట మాకు చెప్పేది కాదు. ఏ ఇంట్ల దొంగ అన్నరో ఆ ఇంట్ల చెప్పు."

కోపంగా అనలేదు. గేటు దాకా వచ్చి సాగనంపింది. నేను బయటికి రాగానే లోపల మిషన్ చప్పుడు మొదలైంది. కోట గోడ పక్కన కారు ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను ఆమె దగ్గరికి వెళ్లింది అది తేలిక కాబట్టే. పరాయివాళ్ల ముందు తల వంచడం తేలిక. నా భార్య ముందు, నా కూతురి ముందు, నన్ను పెద్దవాడిగా చూసే తమ్ముడి ముందు చెప్పడమే కష్టం. ఇంతకాలం నేను దాచింది కాయిల్ పగులును కాదు, వాళ్ల కళ్లలో ఉన్న నన్ను.

తర్వాతి ఆదివారం రవిని పిలిచాను. నా భార్యనూ, స్రవంతినీ కూర్చోమన్నాను. చెప్పాను. స్రవంతి మధ్యలోనే తల దించుకుంది. ఆమెకు చిన్నప్పుడు ఆ సామెత నేర్పింది మేమే. నా భార్య నన్ను చూసిన చూపును ఇక్కడ రాయలేను. రవి మాత్రం మొదట నమ్మలేదు. కాదు, బాపు చెప్పిండు గద, అని రెండుసార్లు అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద అరచేతులు పెట్టుకున్నాడు. వాడు కోప్పడతాడని కాచుకుని కూర్చున్నాను. కోప్పడలేదు. చేతులు తీసి నాకు తెలియని విషయం ఒకటి చెప్పాడు.

"బాపు ఆఖరికి దవాఖానల ఉన్నప్పుడు ఖాజాను ఒకపారి తోల్కరమ్మన్నడన్నా. నువ్వు అప్పుడు మందులకు పోయినవ్. ఆ దొంగ ఎందుకు తియ్యి బాపూ అన్న నేను. మల్ల అడగలే."

అప్పటికి ఖాజా మామ బతికే ఉన్నాడు. దవాఖానా నుంచి కోటకు ఆటోలో అరగంట దారి. పిలిస్తే వచ్చి ఉండేవాడు, అందులో నాకు అనుమానం లేదు. బాపమ్మకు తమ్ముణ్ణి దూరం చేసింది నేనని ఇంతకాలం అనుకున్నాను. బాపుకు కూడా చివరి చూపు లేకుండా చేశానని ఆ రోజు తెలిసింది. రవి లేచి చెప్పులు వేసుకున్నాడు. షహనాజ్ ఇల్లు ఎక్కడని అడిగాడు. నేను దారి చెప్పి, నేనూ వస్తానంటూ లేచాను.

"వద్దన్నా," అన్నాడు. "ఆమెను బళ్లె ఆ మాట అన్నది నేను. నా మాట నేనే చెప్పుకోవాలె."

వాడు ఆ పొద్దే వెళ్లాడు.